మాలిక్ బస్సు, సర్కార్ రోడ్డు

"సర్కార్ బస్సు తీసుకోలేదు బేటా, రోడ్డు తీసుకుంది." మా దాదా అనే మాట ఇది. మా ఖాందాన్‌లో పిల్లలకు కూడా నోటికొచ్చు. ఆర్టీసీ విలీనం వార్తలు రాసే రోజుల్లో పాత చట్టం తిరగేస్తే, ఆయన అన్నది అక్షరాలా నిజమని తేలింది.

దాదా 1943లో, పద్నాలుగేళ్లకే, బెజవాడలో ఒక ప్రైవేటు బస్సు మీద క్లీనర్‌గా చేరారు. యుద్ధం రోజులు, పెట్రోలు కరువు. బస్సు వెనక బొగ్గు కొలిమి ఉండేది. దాని చక్రం తిప్పీ తిప్పీ అరచేతులు కాయలు కాశాయని చూపించేవారు. తర్వాత డ్రైవరయ్యారు. మాలిక్‌లు ఎవరైనా, స్టీరింగ్ దగ్గరా, పానాల దగ్గరా మనవాళ్లు చాలామందే ఉండేవారట.

కోస్తాలో అప్పుడు బస్సులన్నీ దాదాపు ప్రైవేటువే. హైదరాబాద్‌లో మాత్రం 1932 జూన్ 15నే నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులు, 166 మంది నౌకర్లతో సర్కారీ సర్వీసు మొదలుపెట్టారు. రెండు ప్రాంతాలు కలిశాక, 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్‌టీసీ ఏర్పడింది. ఆర్టీసీ బండి నంబర్‌లో కనిపించే జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని చెప్పుకుంటారు. నిజమో కిస్సానో గానీ, గాజువాక రోడ్డు మీద ఆ జెడ్ చూసినప్పుడల్లా నాకు సరదాగా ఉంటుంది.

ఆర్టీసీ మొదట కన్నేసిన చోట్లలో కృష్ణా జిల్లా ఒకటి. 1956లో మోటారు వాహనాల చట్టానికి ఒక కొత్త అధ్యాయం చేర్చారు. దాని ప్రకారం సర్కారు ఏ రూటుకైనా స్కీం ప్రకటించి, ప్రైవేటు పర్మిట్లు రద్దు చేయవచ్చు. బండి, టైర్లు, షెడ్డు మాలిక్‌కే ఉంటాయి. రూటే పోతుంది. పర్మిట్‌లో మిగిలిన ప్రతి పూర్తి నెలకు 200 రూపాయలు పరిహారం, మొత్తం మీద 400కి తగ్గకూడదు. ఆ పైసలు పర్మిట్ ఉన్నవాడికే.

గుల్లపల్లి నాగేశ్వరరావు, మరికొందరు ఆపరేటర్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. వాళ్ల ఎతరాజ్‌లు విన్నది రవాణా శాఖ సెక్రటరీ, ఫైసలా చేసింది ముఖ్యమంత్రి. 1958 నవంబరులో కోర్టు ఆ స్కీం కొట్టేసింది. విన్నవాడు ఒకరు, తీర్పిచ్చేవాడు ఇంకొకరు అయితే ఆ సునవాయీ ఉత్తుత్తిదే అని తేల్చింది. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ కోకా సుబ్బారావు మన రాజమండ్రి వారే. ఆపైన ముఖ్యమంత్రే స్వయంగా కూర్చుని విన్నారు. మాలిక్‌లు మళ్లీ కోర్టుకెక్కారు, 1959లో ఓడిపోయారు.

ఆ ముకద్దమా ఇప్పటికీ లా కాలేజీల్లో చదువుతారు. మంచిదే, అది ఇన్సాఫ్ గురించి. కానీ తీర్పు చదువుతున్నంతసేపూ నా కళ్లు డ్రైవర్ల కోసం వెతికాయి. అక్కడ కొట్లాడింది పర్మిట్లు.

దాదాకు తెలుగు చదవడం రాదు. లెక్కలన్నీ ఒక చిన్న నోట్‌బుక్‌లో ఉర్దూలో రాసుకునేవారు. ఉర్దూ మీడియం చదువు ఎందుకు పనికొచ్చిందని నన్నడిగే వాళ్లకు ఇదొక జవాబు: ఇంట్లో దాన్ని చదవగలిగింది నేనొక్కణ్ణే. రూటు పోయిన ఏడాది నాలుగు నెలల తన్ఖా పక్కన "బాకీ" అని రాసి ఉంది. పరిహారం వచ్చాక ఇస్తానన్నాడట మాలిక్. ఆ తర్వాతి పేజీల్లో లారీ నంబర్లు, ఊర్ల పేర్లు. జమ ఎక్కడా లేదు. అప్పటికి దాదీ చేతిలో ఐదేళ్ల అబ్బా. మూడేళ్లకు చాచా పుట్టారు.

ఇంత జరిగినా దాదా ఆర్టీసీని ఒక్క మాట అనలేదు. పైగా చాచాను వెంటపడి కండక్టర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టించారు. "నెల మొదట తన్ఖా వస్తుంది, మాలిక్ మూడ్ చూడక్కర్లేదు" అని ఆయన దలీల్. చాచా నౌకరీ అంతా అదే ఖాకీలో గడిచింది. 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగుల్ని సర్కారీ ఉద్యోగులుగా తీసుకున్నప్పుడు ఆయనకు రిటైర్మెంట్ దగ్గరపడింది. ఆ రోజు చాచా మిఠాయి పంచారు. దాదా అప్పటికి లేరు.

అబ్బా స్టీల్ ప్లాంట్‌లో చేరడంతో మేం దువ్వాడ వచ్చాం. 2021 జనవరి 27న కేంద్ర క్యాబినెట్ కమిటీ ఆ ప్లాంట్‌ను వంద శాతం అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం వెలిసింది. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అనే నినాదంలో హక్కు మన అరబీ మాటే కదా అని అబ్బాతో అంటే నవ్వలేదాయన. బెజవాడ తీర్పు సంగతి ఒకసారి నేనే చెప్పాను, అది పట్టుకున్నారు.

"అప్పుడు కనీసం ఒక సెక్రటరీ కూర్చుని విన్నాడన్నావు. ఇప్పుడు మా ఎతరాజ్ ఎవరు వింటారు? ఏ ఆఫీసులో, ఏ తారీఖున? పేపర్లో ఉన్నావుగా, కనుక్కుని చెప్పు."