ఇంట్లో చిన్నోడికి ఇంటిపేరెందుకు?

మొన్న సెలవులకి గుంటూరు వెళ్తే మా బాబాయ్ ఓ పని అప్పజెప్పాడు. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఆయనది. కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన స్టాకు ఫైలు ఎక్స్‌ఎంఎల్‌లో ఉంది, రకాలవారీగా లెక్క తీసిపెట్టమన్నాడు. "అయిదు నిమిషాల పని బాబాయ్" అన్నాను (ఈ మాట అన్న ప్రతిసారీ నాకు దెబ్బే).

స్క్రిప్టు రన్ చేస్తే తేజ: 0 టిక్కీలు. సన్నం: 0. (మా వైపు మిర్చి బస్తాని టిక్కీ అంటారు లెండి.) సరిగ్గా అప్పుడే దర్శి వైపు నుంచి ఓ పెద్దాయన వచ్చి కూర్చున్నాడు, ధర ఉంటే అమ్ముకుందామని. బాబాయ్ నా భుజం మీంచి స్క్రీన్ చూసి "అదేందిరా, ఈయనవే 40 టిక్కీలు ఉండాలి, తేజ" అన్నాడు. పెద్దాయన మొహం పాలిపోయింది. ఏడాది కష్టం మరి. గబగబా ఫైలు తెరిచి, సరుకుంది, తప్పు నాదేనని చూపించాను.

ఫైల్లో ఉన్నది ఇదీ (పేర్లు తెలుగులోకి మార్చాను, ట్యాగులకి తెలుగు పేర్లు పెట్టినా ఎక్స్‌ఎంఎల్ ఒప్పుకుంటుంది, తెలుసా?):

<లాటు రకం="తేజ" టిక్కీలు="40"/>

పైన రూట్ ట్యాగులో డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ఒకటి ఇచ్చి ఉంది. ఎక్స్‌పాత్ 1.0లో ప్రిఫిక్స్ లేని పేరంటే నేమ్‌స్పేస్ లేని పేరనే అర్థం. అందుకని దానికి "మి" అని ప్రిఫిక్స్ కట్టి ఇలా వెతికాను:

//మి:లాటు[@మి:రకం='తేజ']

లాటు ఆ నేమ్‌స్పేస్‌లో ఉంటే దాని యాట్రిబ్యూట్ కూడా అందులోనే ఉంటుందని నా ధీమా. ఉండదు! 1999 జనవరిలో డబ్ల్యూత్రీసీ నేమ్‌స్పేస్ రికమెండేషన్ ఇచ్చినప్పట్నుంచీ రూలు ఇదే. డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ఎలిమెంట్లకే వర్తిస్తుంది. ప్రిఫిక్స్ లేని యాట్రిబ్యూట్‌కి అసలు నేమ్‌స్పేసే లేదు, దాని అర్థమేంటో అది కూర్చున్న ఎలిమెంటే తేలుస్తుంది. రెండో "మి:" తీసేశాను, లెక్క వచ్చేసింది.

మా ఇంట్లో "చిన్నోడు" అంటే నేనే. గడప లోపల ఎవరూ ఇంటిపేరు పెట్టి పిలవరు, ఏ ఇంటి చిన్నోడో ఆ ఇల్లే చెబుతుంది. మరి ప్రిఫిక్స్ ఉన్న యాట్రిబ్యూటో? ఇల్లరికపుటల్లుడు! ఉండేది మామగారింట్లో, ఇంటిపేరు మాత్రం తనదే. ఎస్‌వీజీ 1.1లో ఎక్స్‌లింక్:హెచ్‌రెఫ్ అట్లాంటిదే. ఎస్‌వీజీ 2లో ప్రిఫిక్స్ లేకుండా ఉత్త హెచ్‌రెఫ్ చాలన్నారు, అంటే ఇంట్లో మనిషిని చేసేసుకున్నారన్నమాట.

ఇంకో తమాషా. "మి" కట్టింది డిఫాల్ట్ నేమ్‌స్పేస్‌కే అయినా సరే, ఒకే ట్యాగులో రకం, మి:రకం రెండూ పెట్టొచ్చు. పార్సర్ కిక్కురుమనదు, దాని లెక్కలో అవి వేర్వేరు.

రూలు మంచిదే, కాదన్ను. నా గొడవల్లా ఒకటే, తప్పు రాస్తే ఎర్రర్ రాదు, సున్నా వస్తుంది. ఎర్రర్ వచ్చుంటే ఆ పెద్దాయనకి గుండె ఆగినంత పనయ్యేది కాదు.

ఆయన ఆ రోజు అమ్మలేదు, ఇంకో నెల చూస్తానన్నాడు. లేచి నిలబడి, జేబులోంచి మడత పెట్టిన రసీదు తీసి "బాబూ, ఇందులో కూడా ఓసారి చూడు" అన్నాడు.

చూశాను. 40.