మా యింటి బిలియర్డ్సు కఱ్ఱ

మా యింటి నడవలో, తలుపు మూలను, నిలువెత్తు కఱ్ఱ యొకటి 30 ఏండ్లు నిలిచియుండెను. క్రొత్తగా వచ్చిన చుట్టములు అది దోమతెర కఱ్ఱయో, జెండా కఱ్ఱయో యని యడుగుచుండెడివారు. అది మా మామగారి బిలియర్డ్సు కఱ్ఱ. ఆటగాండ్రు దానిని క్యూ యందురు. మా మామగారు విశాఖపట్టణపు ఓడరేవులో నుద్యోగము చేసి విశ్రాంతి గొన్నవారు. ఉద్యోగకాలమున సాయంకాలములందు క్లబ్బునకేగి, రెండు గంటలు ఆ యాట యాడి వచ్చుట వారి వాడుక. ఇంటిలో నెన్నడును గొంతెత్తి మాటలాడని వారు, ఆ కఱ్ఱ నెవరైన ముట్టినచో మాత్రము సహింపరు. మేము కాపురమునకు వచ్చిన క్రొత్తలో మా అత్తగారు చెప్పిన మొదటి మాటలలో నిది యొకటి: "అమ్మాయీ, ఇల్లంతా దులుపుకో. ఆ మూల మాత్రం మీ మామగారికి వదిలెయ్యి."

అట్టి కఱ్ఱను మేము పాడుచేసితిమి. ఎట్లు పాడుచేసితిమో, పిమ్మట నేమి నేర్చితిమో సోదరీమణులకు తెలుపుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. బిలియర్డ్సు కఱ్ఱ ప్రతి యింట నుండదు గాని, చెక్కసామాను లేని యిల్లుండదు. తమకంటె పెద్దవారి కిష్టమైన వస్తువొకటి లేని యిల్లును ఉండదు.

ముందుగా ఆ కఱ్ఱ యెట్టిదో చెప్పవలెను. దాని పొడవు సుమారు 58 అంగుళములు. పిడివైపు ఎబొనీ యను బరువైన నల్లకఱ్ఱ. తక్కిన భాగము యాష్ అను సీమకఱ్ఱ. పిడికడ పిడికిలి నిండ లావుండి, క్రమక్రమముగా సన్నగిలి, కొనకు వచ్చునప్పటికి చిటికెనవ్రేలి కంటెను సన్నమగును. కొనకు ఇత్తడి పొన్ను, దానిపై చిన్న తోలుబిళ్ళ యుండును. ఆ తోలుబిళ్ళయే బంతిని తాకునది. ఆటగాడు ఎడమచేతిని బల్లపై నానించి, వ్రేళ్ళతో వంతెనవలె పట్టి, దానిపై కఱ్ఱను ముందునకు వెనుకకు జార్చును. ఆ జారుటలో ఎచ్చటను తట్టు తగులరాదు. కఱ్ఱలో మిట్టగాని పల్లముగాని యున్నచో కంటికి గనబడకున్నను, వ్రేళ్ళకు వెంటనే తెలియును.

ఈ యాట విదేశీయమని కొందరందురు గాని, దీనిలో స్నూకరు అను భాగము మన దేశముననే, 1875 లో జబ్బల్పూరులోని ఆంగ్ల సైనికోద్యోగుల నడుమ పుట్టినదని ప్రసిద్ధి. 1958 లో కలకత్తాలో జరిగిన పోటీలో విల్సన్ జోన్సు బిలియర్డ్సున ప్రపంచ విజేత యయ్యెను. మన దేశపు స్త్రీలును ఈ యాటలో ప్రపంచస్థాయి బహుమతులు గొనివచ్చిరి; బెంగుళూరి చిత్రా మగిమైరాజ్ వారిలో నొకరు. ఈ సంగతులన్నియు మాకు మా అమ్మాయి చెప్పినవే. అది పదునాలుగేండ్ల పిల్ల. స్నేహితురాండ్రతో గూడి ఒక ఆటశాలలో ఈ యాట నేర్చి, ఒక పోటీలో నాడవలెనని కోరెను. తాతగారి కఱ్ఱ యిమ్మని యడుగగా వారు పత్రిక మడిచి, "ఆడపిల్లకు అక్కడేం పని?" అని మాత్రమనిరి. పిల్ల మారు పలుకలేదు. ఆ రాత్రి అన్నము సగము విడిచి లేచిపోయెను.

ఆషాఢమాసమున మా మామగారు విజయనగరమున నున్న తమ కుమార్తె యింటికి పదునైదు దినములుండుటకై వెళ్ళిరి. అప్పుడు మేము ఆ మూలకు వెళ్ళితిమి. మా యూరి సముద్రపు గాలి యెట్టిదో అందరెఱిగినదే. ఉప్పు తేమలో కఱ్ఱ యుబ్బును. చేతి చెమటయు సుద్దపొడియు దానిపై నంటి జిగటయగును. ఆ కఱ్ఱయు నల్లబడి, జిడ్డోడి, పట్టిన చేయి జారక యుండెను. దానిని శుభ్రపఱచి నిగనిగలాడునట్లు చేసినచో మామగారు సంతోషింతురనియు, ఆ సంతోషములో మనుమరాలి కోరిక మన్నింతురేమో యనియు మాకాశ పుట్టెను. కిటికీ చువ్వలకు రంగు వేయించినప్పుడు మిగిలిన గరుకు కాగితము, మన యిండ్లలో ఉప్పు కాగితమందుమే, అది యొకటి అరలో నుండెను. వెనుక 80 అని అంకె వేసియున్నది. ఆ యంకె కర్థము మాకు తెలియదు. గుండిగలు తోమిన చేయి గదా! గుండిగను తోమినట్లే, చుట్టును త్రిప్పుచు, అడ్డముగా, బలము కొలది రుద్దితిమి. అరగంటలో నలుపు పోయి కఱ్ఱ తెల్లగా వచ్చెను. తోలుబిళ్ళకు జానెడు దూరమున మచ్చ యొకటి వదలకుండగా అచ్చట మఱింత రుద్దితిమి. చూచుటకు ముచ్చటగానే యుండెను.

మామగారు తిరిగివచ్చి కఱ్ఱను చేతికి దీసికొనిరి. ఎడమచేతి వ్రేళ్ళపై ఒకసారి జార్చిరి, రెండవసారి జార్చిరి, మూడవసారి నడుమ నాగిరి. "ఇక్కడ సన్నబడింది. ఎవరు రుద్దారు?" అనిరి. మేమే యని చెప్పితిమి. వారు కోపింపలేదు. కఱ్ఱను మరల మూలను నిలిపి తమ గదిలోనికి వెళ్ళిరి. ఆ దినము మొదలు ఆ మూలవైపు చూచుట మానిరి. తిట్టియుండినచో మాకు సుఖముగా నుండెడిది. కాఫీ యిచ్చినప్పుడు "అక్కడ పెట్టమ్మా" యనుట తప్ప, ఆ వర్షకాలమంతయు వారికి మాతో మాట లేదు. పిల్లయు తన మూలముననే ఇది జరిగినదని కుమిలి, ఆటశాలకు పోవుట మానెను.

సంక్రాంతి బొమ్మలకొలువునకు మేము ఏటికొప్పాక బొమ్మలు తెచ్చుట అలవాటు. దీపావళి వెళ్ళిన పిదప, ఆ బొమ్మల నునుపు చూచుచుండగా, ఈ పనివాండ్ర నడిగిన నేమి యని తోచెను. మరునాడు ఆ కఱ్ఱను పాతచీరలో చుట్టుకొని, పిల్లను వెంటబెట్టుకొని బయలుదేఱితిమి. బస్సులో దాని నెచ్చట నుంచవలెనో తెలియలేదు. టిక్కెట్లు కొట్టువాడు "చేపల గాలమా అమ్మా?" యని యడిగెను. పిల్ల చాల దినములకు నవ్వెను.

ఏటికొప్పాక విశాఖపట్టణమునకు సుమారు 65 కిలోమీటర్ల దూరమున, వరాహనది యొడ్డున నున్నది. 2022 లో జిల్లాలు మార్చినపుడు అనకాపల్లి జిల్లాలో చేరినది. అచ్చటి బొమ్మలకు 2017 లో భౌగోళిక గుర్తింపు వచ్చెను. చెట్ల రంగులను మరల వాడుకలోనికి తెచ్చుటకై పాటుపడిన సి. వి. రాజుగారికి 2023 లో పద్మశ్రీ బిరుదము లభించెను. అంకుడు కఱ్ఱ తెచ్చి, బాగుగా నెండనిచ్చి, తరిమెనకు బిగించి త్రిప్పుచు ఉలితో మలతురు. పసుపు, నీలిమందు, జాఫరా గింజలు మొదలగువాని రంగులు కలిపిన లక్కకడ్డీని తిరుగుచున్న బొమ్మకు నొత్తి పట్టినచో, ఆ రాపిడి వేడికి లక్క కరగి చెక్క నంటుకొనును. పిమ్మట మొగలి ఆకుతో నొత్తి త్రిప్పగా అద్దమువలె మెఱుగు వచ్చును.

అచ్చట ఒక ముసలి పనివాడు మా కఱ్ఱను వెలుతురునకెత్తి ఒక కన్ను మూసి చూచెను. పిమ్మట రెండు కన్నులును మూసి, వ్రేళ్ళతో దానిని కొననుండి పిడివఱకు తడవెను. మేము రుద్దిన చోటనే వ్రేలాగెను. "తీసిన సెక్కని మరి అతికించలేమమ్మా. తియ్యక ముందే అడగాల" అనెను. తరిమెనపై పెట్టి సరిచేయుమని కోరితిమి. అతడు తల యడ్డముగా నూపెను. ఇంత పొడవైన సన్నని కఱ్ఱ తిరుగునపుడు కొరడావలె కొట్టుకొనుననియు, ఇది చేతిపనియే గాని తరిమెన పని గాదనియు చెప్పెను. లక్క పూయవలదా యనగా, లక్క పిల్లలు పట్టుకొను బొమ్మకే గాని, చేతిలో జారవలసిన కఱ్ఱకు పనికిరాదనెను. చెమట తగిలిన లక్కపూత చేతి కంటుకొనునట. పల్లమును పూడ్చుట లేదు. ఇరువైపుల జానెడు మేర కొంచెము కొంచెము తగ్గించి, పల్లమును వాలులో కలిపివేయవలెను. "కాయితం పని సగం, ఏలి పని సగం" అని చెప్పి, మా వ్రేలిని పట్టుకొని ఆ చోటులన్నియు తడవించెను. సొమ్మిచ్చినను పుచ్చుకొనలేదు, పిల్లచేత ఒక బొంగరము మాత్రము కొనిపించెను.

మాఘమాసమున గాలి కొంత పొడిబాఱిన పిదప పని మొదలిడితిమి. చేసిన విధమిది. గరుకు కాగితముపై అంకె పెరిగిన కొలది గరుకు తగ్గును. 80 గోడలకును ఇనుమునకును గాని ఇట్టి కఱ్ఱకు గాదు. మేము 400 తో మొదలుపెట్టి, 600, 1000, 2000 అను వరుసను పోయితిమి. కాగితమును అరచేతిలో మడిచి, కఱ్ఱను దానిలో నుంచి, నార యెటు నడచునో అటే, పొడవునకే లాగవలెను. అడ్డముగా రుద్దినచో నార తెగి గీతలు పడును. ఆ గీతలు తీయబోయి మరల కఱ్ఱను సన్నము చేయుదుము. నాలుగు లాగులు లాగి, దుమ్ము తుడిచి, కన్నులు మూసి తడవి చూడవలెను. 600 ముగిసిన పిదప తడిగుడ్డను గట్టిగా పిండి ఒక్కసారి తుడిచినచో, అణగియున్న నార లేచి నిలుచును. అది పూర్తిగా నాఱిన పిదప మెత్తని కాగితముతో తేలికగా లాగినచో, తరువాత తేమ తగిలినను అంతగా లేవదు. ఈ పని చేయునపుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. చెక్కపొడి ఊపిరితిత్తులకు మంచిది గాదు.

తుదకు అవిసెనూనె. నాలుగు బొట్లు చాలును. గుడ్డతో పలుచగా పట్టించి, కొంతసేపటికి మిగులు తుడిచి, మూడు నాలుగు దినము లాఱనిచ్చి, మరల నొకసారి పట్టించి, పొడిగుడ్డతో వేడి పుట్టునట్లు తోమవలెను. ఇచ్చట నొక హెచ్చరిక. ఈ నూనె గాలి తగిలి గట్టిపడునపుడు వేడి పుట్టును. నూనెగుడ్డను ఉండచుట్టి మూలను పడవేసినచో ఆ వేడి లోలోన పెరిగి తనంతట నిప్పంటుకొనవచ్చును. కావున దానిని నీటిలో ముంచవలెను, లేదా ఆరుబయట విప్పి ఆరవేయవలెను.

పని మొదలిడిన రెండవ దినమున మామగారు తమ కుర్చీ తెచ్చుకొని మా యెదుట కూర్చుండిరి. చాలసేపు మాటలేదు. పిల్ల కఱ్ఱ కొన పట్టుకొనియుండగా మేము లాగుచుంటిమి. ఇంకొక పర్యాయము లాగబోవుచుండగా "చాలు" అనిరి. మాకది చాలినట్లు తోచలేదు. "చాలమ్మా. బాగా వచ్చిందని తెలిసేదాకా రుద్దితే ఎక్కువైపోతుంది. అంతకు ముందే ఆపాలి." ఆ మాట మాకు కఱ్ఱను గూర్చి మాత్రమే చెప్పినట్లు తోచలేదు. వర్షకాలమంతయు మేము ఎన్ని పర్యాయములు క్షమాపణ చెప్పబోయి, వారి మౌనమును మఱింత రాపాడించితిమో జ్ఞాపకము వచ్చెను.

నూనె యాఱిన పిదప వారు కఱ్ఱను వ్రేళ్ళపై జార్చిరి. ఎచ్చటను ఆగలేదు. మా ప్రాణము కుదుటపడెను. కాని వారు దానిని తిరిగి మూలను నిలుపలేదు. "బాగుంది. కానీ ఇది నా కఱ్ఱ కాదు. సన్నబడింది కదా, నా చేతికి వదులు" అనిరి. మాకు కన్నులు చెమర్చెను. ఎంత నునుపు చేసినను పోయినది పోయినదే. కొంతసేపూరకుండి, మనుమరాలివైపు తిరిగి, "నీ చేతికి ఎలా ఉందో చూడు" అని కఱ్ఱ నామె చేతికిచ్చిరి.

పిల్ల భోజనపు బల్లపై చేయి యానించి నిలువబడెను. బంతి లేకుండుటచే నిమ్మకాయ నొకదాని నుంచిరి. "మోచెయ్యి అలా ఊపకు. గడ్డం కిందికి. తొందరెందుకు?" అని మామగారు చెప్పుచుండిరి. ఆ రాత్రి అన్నము వడ్డించుటకు బల్ల మాకు దొరకలేదు.

ఇప్పుడు వారమునకు రెండు దినములు తాతయు మనుమరాలును కలిసి ఆటశాలకు పోవుచున్నారు. ఆడపిల్లకు అక్కడేమి పని యని వారు మరల ననలేదు. అనినది తప్పని కూడ చెప్పలేదు. పోటీలో పిల్ల మొదటి ఆటలోనే యోడిపోయెను. ఇంటికి వచ్చునపుడు కఱ్ఱను పాతచీరలో చుట్టి, తాతగారే మోసికొని వచ్చిరి. కఱ్ఱ యిప్పుడు పిల్ల గదిలో నుండును. నడవలోని ఆ మూలను మేమే దులుపుచున్నాము.