వెనకమాలగా పోబాకరా

కృష్ణదేవరాయలు ఉదయగిరి కోట గెలిచిన 1514లో ఆ కొండకింద ఎన్ని గుర్రాలు గుగ్గిళ్ళు నమిలాయో! ఇప్పుడు మా ఆత్మకూరు కొట్టంలో ఉలవలు ఎద్దుకే.

సెలవులకొచ్చిన మనవడు మొన్న తోకవైపునుంచి దాని దగ్గరికి నడిచాడు. "వెనకమాలగా పోబాకరా, పక్కనుంచి పలకరిస్తా పో" అన్నా. గుర్రమైనా అంతే, సరిగ్గా వెనకున్నది దాని కంటికి ఆనదు, బెదిరి తన్నుద్ది.

గంగడోలు నిమరమన్నా. వేళ్ళు వణికాయి. ఎద్దు బుస్సుమని ఊపిరి వదిలి మెడ చాచింది. అంతే, వాడికి భయం పోయింది. చెవిలో పిడుదులు చూపిస్తే అసహ్యపడకుండా పీకాడు, చిత్రం! ముకుతాడు మాత్రం ఇంకా చేతికివ్వలా.

ఒంగోలు జాతి బ్రెజిల్‌కెళ్ళి మన జిల్లా పేరుతోనే 'నెలోర్' అయిందని చెప్పా.

"అక్కడా ఉలవలే పెడతారా తాతా?"