తగ్గకపోవడం కూడా తప్పే

మొన్నామధ్య ఓ ఆదివారం మా అక్క కొడుకు గచ్చిబౌలిలో మా ఇంటికొచ్చాడు. వాడు ఇంజనీరింగ్ చదివి, అందరిలా మన ఐటీలో పడకుండా, బ్యాంకు లోను తీసుకుని మరీ పైలట్ ట్రైనింగులో చేరాడు. వాడి గురించి బెంగ పుట్టినప్పుడల్లా మా అక్క ఫోన్ చేసేది నాకే. "ఏరా, ఎంతవరకొచ్చింది నీ చదువు?" అని అడిగితే, "నిన్న నా ఫ్లైటు కేన్సిలయింది మావయ్యా. ఇంజను మరీ బాగా తిరిగిందని" అన్నాడు.

జోకేమో అనుకుని నవ్వాను. జోకు కాదట.

ఇగ్నిషన్ గురించి నా పరిజ్ఞానమంతా మా నాన్నగారి చేతక్ స్కూటరు దగ్గర మొదలై అక్కడే ఆగిపోయింది. స్టార్టవకపోతే బండిని పక్కకి ఒంచడం, నాలుగు కిక్కులు కొట్టడం, అప్పటికీ కాకపోతే ప్లగ్గు విప్పి గరుకు కాయితంతో రుద్ది, ఉఫ్ మని ఊది బిగించడం. ఒక సిలిండరు, ఒక ప్లగ్గు. దార్లో ఆగిపోతే నెట్టుకుంటూ మెకానిక్ దగ్గరికి పోవచ్చు. ఆకాశంలో ఆ సౌకర్యం లేదు కదా. అందుకే అక్కడ అన్నీ రెండేసి.

వాడు నేర్చుకునేది సెస్నా 152 మీద. ఇద్దరు పట్టే బుల్లి విమానం. ఇంజనుకి నాలుగు సిలిండర్లు, సిలిండరుకి రెండేసి చొప్పున ఎనిమిది ప్లగ్గులు. వాటికి కరెంటిచ్చేవి రెండు మాగ్నెటోలు. మాగ్నెటో అంటే మరేం లేదు, ఇంజను తిరుగుతుంటే దాంతో పాటు లోపలో అయస్కాంతం తిరుగుతుంది, పక్కనున్న కాయిల్లో కరెంటు పుడుతుంది, సరైన క్షణంలో కాంటాక్ట్ పాయింట్లు విడిపోయి ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పడుతుంది. బ్యాటరీతో పనిలేదు. బ్యాటరీ చచ్చినా, మొత్తం కరెంటు సిస్టమ్ పోయినా ఇంజను తిరుగుతూనే ఉంటుంది. ఒక మాగ్నెటో పోతే రెండోది ఇంటికి చేరుస్తుంది.

ఇది కొత్త సంగతేం కాదు. 1940లలో మన బేగంపేట నుంచి డెక్కన్ ఎయిర్‌వేస్ వాళ్ళ డకోటాలు ఎగిరేవి. డకోటాకి రెండు ఇంజన్లు, ఇంజనుకి 14 సిలిండర్లు, సిలిండరుకి రెండు ప్లగ్గులు. లెక్కేసుకోండి, 56 ప్లగ్గులు! నేను ఒక్క ప్లగ్గుకే విసుక్కునేవాణ్ణి.

సరే, అసలు విషయానికొద్దాం. టేకాఫ్‌కి ముందు ప్రతిసారీ మాగ్నెటో చెక్ చెయ్యాలి. బ్రేకులు తొక్కిపట్టి ఇంజన్ని 1700 ఆర్పీయంకి తెచ్చి, తాళంచెవిని 'రెండూ' నుంచి ఒకసారి కుడి మాగ్నెటో మీదికి, మరోసారి ఎడమ మాగ్నెటో మీదికి తిప్పుతారు. ఒక్క మాగ్నెటో మీద నడిచినప్పుడు సిలిండర్లో మంట ఒకవైపు నుంచే అంటుకుంటుంది కాబట్టి కొంచెం నెమ్మదిగా కాలుతుంది, ఆర్పీయం కాస్త పడిపోతుంది. 125కి మించి పడకూడదు, రెండింటి మధ్య తేడా 50 దాటకూడదు.

ఎక్కువ పడిపోయి ఇంజను గడగడలాడితే సాధారణంగా ప్లగ్గుల గొడవే. ఈ విమానాల పెట్రోల్లో ఇంకా సీసం కలుపుతారు. అది ప్లగ్గుల్లో, ముఖ్యంగా కింది వరస ప్లగ్గుల్లో పేరుకుపోతుంది. ముందు ఆర్పీయం పెంచి, మిశ్రమంలో పెట్రోలు తగ్గించి కాసేపు వేడెక్కనిస్తారు. చాలాసార్లు మసి కాలిపోయి దారికొస్తుంది. రాకపోతే మెకానిక్ ఆ మాగ్నెటో మీదే కాసేపు నడిపించి, ఇంజను ఆపి, ఏ సిలిండరు చల్లగా ఉందో చూస్తాడు. దాని ప్లగ్గు తీసి ఇంకో సిలిండరుకి పెడతాడు. జబ్బు ప్లగ్గుతో పాటు వెళ్ళిందా, ప్లగ్గుదే తప్పు. అక్కడే ఉండిపోయిందా, వైరో మాగ్నెటోనో చూడాలి. గడగడ లేకుండా నున్నగానే తిరుగుతూ ఎక్కువ పడితే టైమింగ్ మీద అనుమానం. ఒకసారికి ఒక్కటే మార్చడం, మార్చాక మళ్ళీ చూడడం. ఒకేసారి ఐదు ఫైళ్ళు మార్చి "ఇప్పుడు పనిచేస్తోంది సార్" అనే మన జనాలకి వీళ్ళ దగ్గర ఓ నెల ట్రైనింగ్ ఇప్పించాలి.

మా వాడి కథ వేరు. ఎడమ మాగ్నెటో మీద పెడితే 70 పడింది. కుడిదాని మీద పెడితే ముల్లు కదల్లేదు. వీడు సంబరంగా "సున్నా సార్!" అన్నాడట. పక్కన కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్ మారుమాట లేకుండా విమానాన్ని వెనక్కి తిప్పించాడట.

నేనూ అడిగాను, "పడకపోతే మంచిదే కదరా?" అని.

కాదు. ఇక్కడే ఉంది కిటుకు. మాగ్నెటోని ఆపడమంటే కరెంటు తీసెయ్యడం కాదు, దాని కరెంటు అదే పుట్టించుకుంటుంది కదా. ఒక సన్నటి వైరు ద్వారా దాన్ని ఇంజను బాడీకి కలిపేస్తే, అంటే ఎర్త్ చేసేస్తే, రవ్వ రాదు. అంటే ఆపడానికి వైరు బాగుండాలి. వైరు తెగితే మాగ్నెటో ఎప్పటికీ ఆన్‌లోనే! తాళం కుడివైపు తిప్పినా ఎడమది ఆగలేదు, అందుకే ముల్లు కదల్లేదు. మెకానిక్ విప్పి చూస్తే ఎడమ మాగ్నెటో దగ్గర ఆ వైరు కొస అదురుకి విరిగిపోయి ఉందట.

ఇంకో తమాషా. ఈ ఇంజన్ని రోజూ ఆపేది తాళంతో కాదు, పెట్రోలు కట్ చేసి. కాబట్టి వైరు తెగిన సంగతి ఆపేటప్పుడు తెలీదు. అంతా మామూలుగానే ఆగుతుంది. తాళంచెవి జేబులో ఉంటుంది. ఎవరైనా ప్రొపెల్లర్ మీద చెయ్యేసి కొంచెం తిప్పితే, సిలిండర్లో మిగిలిన కాస్త పెట్రోలు ఆవిరి చాలు, ఒక్కసారి అంటుకోడానికి. చేతులు పోయినవాళ్ళున్నారు, ప్రాణాలు పోయినవాళ్ళున్నారు.

"ఆ రోజు పొద్దున విమానాన్ని బయటికి లాగేటప్పుడు ప్రొపెల్లర్ పట్టుకుంది నేనే మావయ్యా" అన్నాడు వాడు, ఉప్మా తింటూ, అదేదో క్రికెట్ స్కోరు చెప్పినట్టు.

నాకు మాత్రం ముద్ద దిగలేదు. వాడి సంగతి ఒకటి, నా సంగతి ఇంకొకటి.

చాలా ఏళ్ళ క్రితం నేను చేసిన ఒక కంపెనీలో డేటాబేసుకి స్టాండ్‌బై ఉండేది. ప్రతి సోమవారం రిపోర్టులో 'స్టాండ్‌బై: ఓకే' అని నేనే రాసి పంపేవాణ్ణి. పచ్చ రంగు గడి, ఒక్క అలారం లేదు. ఒక రాత్రి మెయిన్ సర్వర్ పోయింది. స్టాండ్‌బై మీదికి మారబోతే అందులో నాలుగు నెలల పాత డేటా. కాపీ చేసే స్క్రిప్టు ఎప్పుడో చచ్చిపోయింది, అలారం పంపాల్సిన స్క్రిప్టు కూడా దాంతోపాటే పోయింది. నిశ్శబ్దాన్ని నేను ఆరోగ్యం అనుకున్నాను. ఆ నాలుగు నెలల్లో ఒక్కసారైనా మెయిన్‌ని కావాలని ఆపి, పడుతుందా లేదా అని చూసిన పాపాన పోలేదు. "నడుస్తున్నదాన్ని కెలకడమెందుకు" అనే మహామంత్రం ఉంది కదా మనకి. ఆ తర్వాత మూడు రోజులు ఇంటి మొహం చూళ్ళేదు. మా జూనియర్ కుర్రాడి మీదికి నెట్టేసే అవకాశం వచ్చింది కూడా. నెట్టలేదు గానీ, ఒక పూటంతా ఆలోచించాను. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

రెండు ఉన్నంత మాత్రాన ధీమా రాదు. 1970ల చివర్లో వచ్చిన సెస్నా 172 మోడల్ ఒకదాని ఇంజన్లో రెండు మాగ్నెటోలనీ ఒకే డబ్బాలో పెట్టి, ఒకే ఇరుసుతో తిప్పారు. ఇరుసు పోతే రెండూ పోయినట్టే. ఒకే రాక్‌లో రెండు సర్వర్లు పెట్టి బొమ్మలో వేర్వేరు పెట్టెలుగా గీసే మన ఆర్కిటెక్టులు గుర్తొచ్చారు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళి మా టీముకి చెప్పాను, ఇకనుంచి నెలకోసారి ఒకదాన్ని ఆపి చూడాల్సిందేనని. కొంచెం పడితే సంతోషం, ఎక్కువ పడితే రిపేరు, అసలు పడకపోతే ఆ రోజు విడుదల లేదు. "పడకపోతే ఎందుకు సార్?" అని అడిగాడో కుర్రాడు. టీ తాగుతూ ఈ కథంతా చెప్పాల్సొచ్చింది.

మా అక్కకి మాత్రం ఇంకా చెప్పలేదు. ఆవిడ బ్లాగులు చదవదన్న ధైర్యంతో ఇక్కడ రాస్తున్నాను. మీలో ఎవరైనా మా చుట్టాలుంటే, దయచేసి చెప్పకండి :)