అనాసపండు, పెళ్లిచూపులు

వండి మెప్పించుట స్త్రీధర్మమనియు, తిని తల యూచుట పురుషధర్మమనియు మన పెళ్లిచూపులు చిరకాలముగా బోధించుచు వచ్చినవి గాని, మహాభారతమున అరణ్యపర్వము తెరచినవారికి ఇందుకు విపరీతమైన ఘట్టమొకటి కానవచ్చును. రాజ్యము గోల్పోయి, వికృతరూపుడై, బాహుకుడను పేర ఋతుపర్ణుని కొలువున సారథ్యము చేయుచున్న నలుని దమయంతి రూపమును బట్టి నిర్ధారించుకొనలేకపోయినది. కేశిని యను పరిచారికచే అతడు వండిన వంటకమును తెప్పించుకొని, రుచి చూచి, మగడేయని తెలిసికొన్నది. ఆ వంటకము మాంసమని జ్ఞాపకము చేసినచో శాకాహారులు కొందరు నొచ్చుకొందురేమో; మూలమున నున్నది అదియే, నేనేమి చేయుదును!

నర్సీపట్నమున నేనెరిగిన యువకుడొకనికి ఒక శ్రావణమాసమున ఇట్టి పరీక్షయే తటస్థించినది. పెళ్లిచూపులు ముగిసి, ఇరుకుటుంబములును ఇంచుమించుగా సమ్మతించి, పిల్లయు పిల్లవాడును ఒకమారు నింపాదిగా మాటలాడుకొందురుగాక యని పెద్దలు అనుగ్రహింపగా, ఆమె తన వదినెతో గూడ ఒక ఆదివారము సాయంకాలము వీరియింటికి వచ్చుటకు ఏర్పాటైనది. ఉప్మా కేసరులు పెట్టినచో ఆ పేరు తల్లికి పోవును. క్రీము కేకు తెచ్చినచో బేకరీవానికి పోవును. కావున పండుతో తీపివంటకమొకటి స్వహస్తములతో కాల్చి పెట్టవలెనని ఇతడు నిశ్చయించుకొన్నాడు. నలునికి యమధర్మరాజు అన్నరసమును వరముగా నొసగెను. ఇతనికి ఉన్నవి యూట్యూబును, తల్లిగారి ప్రెషరు కుక్కరును.

పండు విషయమున ఈ యూరివారికి చింత లేదు. చింతపల్లి మన్యమునకు ముఖద్వారమగుటచే, చలికాలమున లంబసింగి చేలలోని స్ట్రాబెర్రీలును, శరత్తున సీతాఫలములును, వానకారున అనాసలును కొండలమీదినుండి దిగుచుండును. దక్షిణ అమెరికాలో పుట్టి, పోర్చుగీసు ఓడలపై మన తీరమునకు చేరిన అనాస నలుడెరుగని పండు. ఈ విషయమున మాత్రము మనవాడు నలునికంటె ఒక మెట్టు పైనున్నాడు. బెల్లము అనకాపల్లిది. 2022 ఏప్రిల్ 4 వరకు ఈ పండును ఈ బెల్లమును ఒకే విశాఖపట్నము జిల్లావి; ఆనాటి పునర్విభజనతో చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోనికి పోగా, నర్సీపట్నము అనకాపల్లి జిల్లాలో చేరినది. ప్రభుత్వము వేరుపరచినవానిని ఇతడు నేతిగిన్నెలో మరల కలిపినాడు.

పద్ధతి సులభము. గిన్నెకు నేయి రాసి, అడుగున బెల్లపు పాకము పోసి, దానిపై అనాసచక్రములు పరచి, మైదా, పెరుగు, పంచదార, నూనె, కొంచెము వంటసోడా కలిపిన పిండిని పైన పోసి, ఉప్పు మందముగా పరచి వేడిచేసిన కుక్కరులో స్టాండుపై నిలిపి, రబ్బరును వెయిటును తీసిన మూత పెట్టి, సన్నని సెగపై ముప్పాతిక గంట యుంచవలెను. పెరుగులోని ఆమ్లము సోడాతో కలిసి వాయువును పుట్టించుటచే పిండి పొంగును. చల్లారి బిగియకముందే బోర్లింపవలెను. ఆలసించినచో పాకము గట్టిపడి పండు గిన్నెనే పట్టుకొని యుండును. సొగసునకై పచ్చి అనాసముక్కలను పాలమీగడలో కలిపి ముందుగా ఉంచుకొందుమను ఆశ మాత్రము పనికిరాదు. ఆ పండులోని బ్రొమెలైన్ అను ఎంజైము పాలలోని మాంసకృత్తులను ఛేదించి చేదు పుట్టించును. వేడి తగిలినచో దాని శక్తి నశించును గనుక, కాల్చిన పండుతో ఆ భయము లేదు.

పిల్ల "మీరే చేశారాండీ?" అని మాత్రమే అడిగి, రెండవ ముక్క తానే వడ్డించుకొన్నది. వదినెగారు లోతు తెలిసిన మనిషి. మంచినీళ్ల నెపమున వంటింటిలోనికి పోయి, సింకులో అంట్లగిన్నెలు పడియున్నవా యని చూచి వచ్చినదట. అన్నియు కడిగి బోర్లించియున్నవి. మగవాడొకపూట గరిటె పట్టినచో తల్లికి రెండు పూటల చాకిరి మిగులుట మన యిండ్లలో వింత కాదు గనుక, కేకుకంటె ఆ గిన్నెలకే ఎక్కువ మార్కులు పడియుండునని నా నిశ్చితాభిప్రాయము.

ముహూర్తము మాఘమాసమునకు కుదిరినది. అప్పటికి అనాసలు దొరకవు గాని, స్ట్రాబెర్రీలు దొరకును.