పెదకళ్ళేపల్లి మీదుగా తిరువయ్యారు

మాసూళ్ళయిన మర్నాడే బయల్దేరాను. పది రోజులు కూలీలకు కేరేజీలు కట్టి, ధాన్యం మిల్లుకు చేరేదాకా మంచులో రాశుల దగ్గర మేలుకున్న ఒళ్ళు. బంటుమిల్లిలో తొలి బస్సు, గుడివాడ, విజయవాడ, రైల్లో మద్రాసు, మళ్ళీ రాత్రి రైలు. తంజావూరులో దిగేసరికి కాళ్ళు వాచాయి, గొంతు పట్టేసింది.

గొంతు పట్టేయడమే నా అసలు దిగులు. ఆ రోజు పుష్య బహుళ పంచమి. 1847లో త్యాగయ్య కన్నుమూసిన తిథి, తిరువయ్యారులో ఆయన ఆరాధన. “పంచరత్న కృతులు ఐదూ నా బదులు కూడా పాడి రామ్మా” అని మా సంగీతం మాస్టారు మరీమరీ చెప్పి పంపారు. ఏళ్ళ తరబడి రేడియోలో విన్న పందిట్లో ఒక్కసారి కూర్చోవాలని ఆయనకెంతో ఉండేది. మోకాళ్ళు కదలనివ్వలేదు.

తిరువయ్యారు అంటే ఐదు నదుల ఊరు. తంజావూరుకు 13 కిలోమీటర్లు. కావేరి ఒడ్డున పందిరి, కింద ఇసుక, తెల్లారకముందే జనం.

మా కృష్ణా లంకలకు ఈ ఒడ్డు కొత్త కాదు. త్యాగయ్య శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య. ఆయన దగ్గర నేర్చుకున్నవారు మా పెదకళ్ళేపల్లి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. శాస్త్రిగారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, పంతులుగారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. అంటే త్యాగయ్యకూ బాలమురళికీ నడుమ ముగ్గురే మనుషులు. వాళ్ళలో ఇద్దరు కృష్ణా జిల్లావాళ్ళే! అంతకు చాలా ముందే మొవ్వ క్షేత్రయ్య ఇదే తంజావూరులో విజయరాఘవ నాయకుడి కొలువు చూశాడు. దారి పొడుగునా ఈ పేర్లే తల్చుకుంటూ వచ్చాను. తల్చుకున్న కొద్దీ బరువు పెరిగింది.

పందిట్లో ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. ఆ చోటు మాకు ఊరికే రాలేదు. బెంగళూరు నాగరత్నమ్మ నగలమ్మి, త్యాగయ్య సమాధి మీద గుడి కట్టించింది. 1925లో ప్రతిష్ఠ. అయినా ఆ ఆరాధనలో ఆడవాళ్ళను పాడనివ్వలేదు. ఆమె ఊరుకోలేదు, ఆడవాళ్ళను కూడగట్టి విడిగా ఆరాధన జరిపించింది. 1940ల మొదట్లోగాని అందరూ ఒక్కటిగా కూర్చోలేదు. ఆమె సమాధి కూడా అక్కడే ఉంది. దణ్ణం పెట్టుకుని వెళ్ళి ఇసుకలో కూర్చున్నాను.

మొదటి కృతి, నాట రాగం, మొదలైంది. కళ్ళ నీళ్ళొస్తాయనుకున్నాను. నిద్ర వచ్చింది. ఇంత దూరం వచ్చి, మాస్టారి మాట మోసుకొచ్చి, నోరు కదపలేక కూర్చున్నందుకు మనసు చివుక్కుమంది.

గౌళ కాగానే పక్కనున్న పెద్దావిడ తన పుస్తకం నా వైపు జరిపింది. తెలుగు సాహిత్యం, తమిళ లిపిలో, చేత్తో రాసుకున్నది. తమిళంలో త, థ, ద, ధ అన్నిటికీ అక్షరం ఒక్కటే. అందుకని దాని పక్కన చిన్న అంకె వేస్తారు. 1 అయితే త, 3 అయితే ద, 4 అయితే ధ. ఎర్రసిరాతో ఆ అంకెలు పేజీ నిండా చీమల బారుల్లా ఉన్నాయి. మనం పుట్టుకతో పలికే మాటలను ఆవిడ ఒక్కొక్క అంకె వేసి దక్కించుకుంది.

ఆరభి అయింది. వరాళి వచ్చింది. ఆ రాగం ఎదురుగా కూర్చోబెట్టి నేర్పితే గురుశిష్యులకు ఎడబాటు వస్తుందని నమ్మిక. అందుకే మాస్టారు అది నాకు నేర్పలేదు. అరుగు మీద తనలో తాను పాడుకుంటుంటే గుమ్మం లోపల కూర్చుని పట్టుకున్నాను. ఆయన గొంతు చెవిలో మెదిలింది. నాకు తెలియకుండానే సన్నగా పాడుతున్నాను.

ఒకచోట ఆవిడ ‘ద’ అని పాడి, అనుమానంగా నా వైపు చూసింది. “ఇదు సరియా?” అని అడిగింది.

“ధ, అమ్మా” అన్నాను, గొంతు పెగల్చుకుని, పొట్టలోంచి.

ఆవిడ 3 కొట్టేసి 4 వేసుకుంది. శ్రీరాగం ఇద్దరం ఒకే పుస్తకంలో చూసి పాడాం. నాకు తమిళం చదవడం రాదు. ఆవిడ వేలు ఎక్కడుంటే అక్కడ చూశాను.