మేడ్చల్ షెడ్డులో కొత్త కారు పూత

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు ఔటర్ రింగు రోడ్డు పక్క దారిలో వెళ్తుంటే కార్లు కడిగే షెడ్లు ఒకదాని తర్వాత ఒకటి తగులుతాయి. ఇనుప స్తంభాలు, పైన రేకులు, పక్కన బోరు, నీళ్లు చిమ్మే ప్రెషర్ పంపు. ముందు వేలాడే ఫ్లెక్సీల మీద సిరామిక్, టెఫ్లాన్, గ్రాఫీన్ అని పెద్ద అక్షరాలు. ఈ చుట్టుపక్కల ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిళ్లుండేవి. నగరం ఉత్తరానికి పాకాక తోటలు ప్లాట్లయ్యాయి, గోదాములయ్యాయి. ఒకపక్క నాగపూర్ దారి, మరోపక్క కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి, రెంటినీ కలుపుతూ ఔటర్. ఇన్ని బండ్లు తిరిగే చోట బండిని నమ్ముకుని బతికే పనులు పుట్టడం సహజమే.

మా కొత్త కారు తీసుకుని అలాంటి ఒక షెడ్డుకు వెళ్లాను. ముదురు నీలం బండి. దాని రంగు కొన్నేళ్ల పాటు ఇలాగే నిలవాలి, వేసే పూతను అవసరమైనప్పుడు ఇంట్లోనే మళ్లీ మేమే రాసుకోగలగాలి. ఎక్కువ కాలం ఆగేది, సులువుగా రాసుకునేది, ఈ రెండూ ఒకే సీసాలో దొరుకుతాయా అని తెలుసుకోవడానికే ఆ ప్రయాణం.

షెడ్డు నడిపే ఆయన్ని అందరూ మేస్త్రీ అంటారు. చాలా ఏళ్లు బాడీ షాపులో పెయింటర్‌గా చేసి, టిన్నర్ వాసనకు ఊపిరితిత్తులు ఇబ్బంది పెట్టాక ఆ పని మానుకుని ఇది పెట్టుకున్నాడు. నేను ఏ పూత మంచిదని అడగగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందుగాల ఏం రాయాల్నో అడగకుండ్రి సార్. బండి యాడ ఆగుతది, ఎవరు కడుగుతరు, ఏ నీళ్లతోని కడుగుతరు, గది చెప్పుండ్రి."

చెప్పాను. ఆరుబయట ఆగుతుంది, పైన రేకు లేదు. అపార్టుమెంటులో తెల్లవారుజామున ఒక కుర్రాడు అన్ని కార్లూ తుడుస్తాడు. నీళ్లు బోరువి. ఆయన తల ఊపి, జేబులోంచి చిన్న మీటరు తీసి బానెట్ మీద ఆనించాడు. తెర మీద 112 అని వచ్చింది. డోరు మీద 108. డిక్కీ మీద ఇంచుమించు అంతే. అవి మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు. ఇనుము మీద ఉన్న రంగు పొరలన్నీ కలిపి అంత మందం. ఏదైనా డోరు మీద 200 దాటి చూపిస్తే ఫ్యాక్టరీ నుంచి మన చేతికి వచ్చేలోపు ఎక్కడో దెబ్బ తగిలి మళ్లీ రంగు వేశారని అనుమానించాలట. కొత్త బండి తీసుకునేవాళ్లు ఈ పరీక్ష చేయించుకోవడం మంచిదని నాకనిపించింది. డబ్బులు కట్టాక కాదు, కట్టకముందు. దీనికీ పూతకూ సంబంధం ఉంది. ఫ్యాక్టరీలో రంగును దాదాపు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు కాబట్టి బండి బయటికి వచ్చేసరికే అది పూర్తిగా గట్టిపడి ఉంటుంది, మరునాడే పూత వేసుకోవచ్చు. బయట బాడీ షాపులో వేసిన రంగు అలా కాదు. అందులోని ద్రావకాలు పూర్తిగా ఆవిరై పోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోపు పైన పూత వేసి మూసేస్తే లోపలి ఆవిరికి దారి ఉండదు.

ఆ 112 మైక్రాన్లలో అడుగున తుప్పు ఆపే పొర, ఆపైన ప్రైమర్, ఆపైన మనకు కనిపించే నీలం, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్. ఈ చివరిదే సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు, మన తలవెంట్రుక కన్నా పలచన. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే రసాయనాలు ఉండేది ఇందులోనే. బఫింగ్ మెషీన్, కంపౌండ్ పెట్టి రుద్దిన ప్రతిసారీ ఇందులోంచే కొన్ని మైక్రాన్లు పోతాయి. కొత్త బండిని 'మెరిపిస్తాం' అని మెషీన్ ఎత్తేవాళ్లను మేస్త్రీ మాటల్లోనే ఆపాలి: "పుట్టిన పిల్లకు తోలు గీకుతరా సార్?" షోరూంలో బండి ఇచ్చే ముందు కడిగి, తుడిచి, పాలిష్ పెట్టి ఇస్తారు కదా, అది కూడా వద్దని ముందే చెప్పి రాయించుకోవాలని ఆయన సలహా. గీతలు ఎక్కువగా పడేది అక్కడేనట.

ఇక షోరూముల్లో ఎప్పటినుంచో వినిపించే టెఫ్లాన్ కోటింగ్ సంగతి. టెఫ్లాన్ అంటే పీటీఎఫ్ఈ. 1938లో డ్యూపాంట్ సంస్థలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త వేరే పని చేస్తుంటే అనుకోకుండా దొరికిన పదార్థం. దానికి ఏదీ అంటుకోదు, అదీ దేనికీ సులువుగా అంటుకోదు. అది కరిగేది 327 డిగ్రీల దగ్గర. దోసె పెనం మీద నిలవాలంటే అంతకు మించిన వేడిలో కాల్చి పట్టిస్తారు. కారు రంగును అంత వేడి చేస్తే రంగే మిగలదు. కాబట్టి డబ్బా మీద పేరు ఏదైనా, రంగును పట్టుకుని ఉండేది అందులోని సిలికాన్, పాలిమర్లే. వేలు పోసి పేరు కొనుక్కోనక్కర్లేదు.

మాటలతో కాకుండా చూపిస్తానని మేస్త్రీ షెడ్డు వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ ఇటుకల మీద ఒక పాత నల్ల బానెట్, పూర్తిగా ఎండలో. దాన్ని టేపు అంటించి నాలుగు భాగాలు చేశాడు. ఒకటి ఉత్తది. ఒకదానికి కర్నూబా మైనం, ఒకదానికి స్ప్రే సీలెంట్ (చిమ్మి రాసే పాలిమర్ పూత), ఒకదానికి సిరామిక్. వేసంగికి ముందు రాసి అలాగే వదిలేశాడట. మగ్గుతో నీళ్లు పోసి చూపించాడు. ఉత్త భాగంలో నీళ్లు పరుచుకుని నిలబడ్డాయి. మైనం రాసిన చోటా దాదాపు అదే తీరు. కర్నూబా బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల మీది మైనం, 80 డిగ్రీలు దాటాక కరుగుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం మేడ్చల్ ఎండలో ముదురు రంగు బానెట్ 70 డిగ్రీలకు అటూఇటూ కాలుతుంది. కరగకపోయినా మెత్తబడుతుంది, దుమ్మును పట్టుకుంటుంది, షాంపూతో పోతుంది. చలిదేశాల్లో మైనం మీద ఉన్న మోజు మన వేసవికి సరిపడదు. రాసిన రోజు మాత్రం దాని లోతైన మెరుపు మరి దేనికీ రాదన్నది నిజం.

స్ప్రే సీలెంట్ రాసిన చోట నీళ్లు ఇంకా ముత్యాలు కట్టి జారుతున్నాయి, కాకపోతే కొత్తలో ఉన్నంత చురుగ్గా లేదు. సిరామిక్ రాసిన చోట నీళ్లు పరుగెత్తాయి. అయితే ఆ నల్లటి మెరుపు నిండా తెల్లటి గుండ్రని మచ్చలు. గోరుతో గీకి చూశాను, రావడం లేదు.

"గవి నీళ్ల మచ్చలు. బోరు నీళ్లు సార్" అన్నాడు.

ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా విలువైన పాఠం అదే. ఈ ప్రాంతం అడుగున ఉన్నది గ్రానైట్ రాయి. దాని పగుళ్లలోంచి వచ్చే బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. నీళ్లలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరును మేస్త్రీ ముంచితే 900 దాటింది. తాగే నీటికి మన భారతీయ ప్రమాణం కోరేది 500 లోపు, మరో దారి లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటుంది. కడగడానికి ఆ నీళ్లు పనికొస్తాయి, బండి మీద ఆరనివ్వడానికే పనికిరావు. పూత ఎంత మంచిదైతే నీటి చుక్క అంత గుండ్రంగా, ఎత్తుగా నిలబడుతుంది. ఎండలో ఆవిరైనప్పుడు అందులోని సున్నమంతా ఒకే చుక్కంత చోట పేరుకుంటుంది. చూడముచ్చటగా ఉండే ఆ ముత్యాలే మచ్చలకు మూలం. అందుకే ఏ పూత వేసినా, కడిగిన వెంటనే నీడలో మెత్తటి పొడి తువ్వాలుతో నీళ్లన్నీ పీల్చేయాలి. మేస్త్రీ చివరి కడుగుకు వేరే డ్రమ్ము పెట్టుకున్నాడు. అందులోవి గోదావరి నీళ్లు. ఎల్లంపల్లి నుంచి రాజీవ్ రహదారి వెంట పైపుల్లో నగరానికి వచ్చే నీళ్లవి. వాటిలో లవణాలు తక్కువ. బోరు తప్ప గతిలేనివాళ్లు ఆఖరున ఒక్క బకెట్ నల్లా నీళ్లు పోసుకున్నా సగం బాధ తప్పుతుంది.

సిరామిక్ చెడ్డదని మేస్త్రీ అనలేదు, నేనూ అనను. గాలిలోని తేమతో కలిసి గాజులాంటి సిలికా పొరగా మారే పదార్థం అది. సరిగ్గా వేస్తే రెండు మూడేళ్లు ఆగుతుంది. కానీ సరిగ్గా వేయడానికి దుమ్ము లేని మూసిన గది కావాలి, మంచి దీపాలు కావాలి, ఆరేదాకా కనీసం ఒక రోజు బండి మీద చుక్క నీరు పడకూడదు. ఎక్కడైనా మందంగా మిగిలితే అది గట్టిపడి మరకలా నిలుస్తుంది, తీయాలంటే మళ్లీ మెషీన్ ఎత్తాలి. అంటే కాపాడుకోవాలనుకున్న క్లియర్ కోట్‌నే గీకాలి. రోడ్డు పక్క రేకుల కింద ఆ పని కుదరదని ఆయనే చెప్పాడు. ఫ్లెక్సీల మీద రాసే 9హెచ్ కూడా పెన్సిల్ గట్టిదనపు కొలత మాత్రమే. పెన్సిల్ ములుకుతో నెట్టి చూసే పరీక్ష అది. రాయి తగిలినప్పుడు దానితో పని లేదు.

ఈ దారుల్లో రాళ్లకు కొదవ లేదు. కీసర, శామీర్‌పేట వైపు క్రషర్ల నుంచి కంకర, రోబో సాండ్ మోసే టిప్పర్లు రాత్రీపగలూ తిరుగుతాయి. టార్పాలిన్ కప్పని టిప్పర్ వెనక నడిపితే ఏ సీసాలోని పూతా బానెట్‌ను కాపాడదు. అందుకు మందమైన ప్లాస్టిక్ ఫిల్మ్, అదే పీపీఎఫ్, ఒక్కటే దారి. అది ఖరీదు, బండి ముందు భాగానికి మాత్రం వేయించుకున్నా చాలు. సీలెంట్ చేసే పని వేరు. పక్షి రెట్టలోని ఆమ్లం, చెట్ల జిగట, సున్నం, ఇవి నేరుగా క్లియర్ కోట్‌ను తాకకుండా మధ్యలో తను అరిగిపోతుంది. అరిగాక మళ్లీ రాసుకోవాలి. దాని ధర్మమే అది.

ఆ టిప్పర్ల దుమ్మే తెల్లవారేసరికి మన కార్ల మీద ఉంటుంది. అందులో పలుగురాయి నలుసులు ఉంటాయి, అవి ఏ పూతకన్నా గట్టివి. ఒక బకెట్, ఒక గుడ్డతో ఇరవై కార్లు తుడిచే కుర్రాడు మొదటి కారు దుమ్ముతో ఇరవయ్యో కారును రుద్దుతున్నాడు. తప్పు అతనిది కాదు. నెలకు కొన్ని వందలిచ్చి, సూర్యోదయంలోపు అన్నీ అయిపోవాలని మనమే అడుగుతాం. మేస్త్రీ నాకు సీసా కన్నా ముందు అంటగట్టింది గుడ్డలే: మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలు, రెండు బకెట్లు, ఒకదాంట్లో షాంపూ, ఒకదాంట్లో గుడ్డ జాడించడానికి మంచినీళ్లు. రోజూ తుడవొద్దని, వారానికోసారి కడిగితే చాలని, కుర్రాడి జీతం మాత్రం తగ్గించొద్దని అన్నాడు. ఈ చివరి మాట నాకు చాలా నచ్చింది.

పూజ సంగతి నేనే ఎత్తాను. శామీర్‌పేట చెరువు దగ్గరి కట్టమైసమ్మ గుడికి కొత్త బండ్లు తీసుకెళ్లడం ఇక్కడ అలవాటు. మాకూ ఆ ఆలోచన ఉంది. "పూతైనంక ఒక దినం ఆగి పూజకు పొండ్రి" అన్నాడు. పసుపు, కుంకుమ, నిమ్మరసం ఉత్త క్లియర్ కోట్ మీద ఎండలో ఎండితే మరక దిగుతుంది. సీలెంట్ మీదైతే నీళ్లతోనే జారిపోతుంది. బొట్టును పొడి గుడ్డతో తుడవకుండా ధారాళంగా నీళ్లు పోసి కడగాలి. దేవుడి పనికీ బండి పనికీ పేచీ లేదు, వరస సరిచూసుకుంటే చాలు.

చివరికి తీసుకున్నది పాలిమర్ స్ప్రే సీలెంట్. మంచి కంపెనీలవి వెయ్యి రూపాయలకు కాస్త అటూఇటూ దొరుకుతున్నాయి. ఒక సీసా ఏడాదికి పైగా వస్తుంది. మన ఎండకు నాలుగు నెలలు ఆగితే బాగా ఆగినట్టు. ముందు బండిని కడిగించి, ఇనుప రేణువులు తీసే ద్రవం కొట్టాడు. కొత్త బండే అయినా చక్రాల పైన, డిక్కీ మీద అక్కడక్కడా ఊదారంగు చారలు కారాయి. బండి ట్రెయిలర్ల మీదో రైలు మీదో వచ్చేటప్పుడు అంటుకునే సన్నటి ఇనుము అది. కడిగి ఆరబెట్టాక అరచేయి వెనక్కి తిప్పి బానెట్ మీద ఆనించాడు. వెచ్చగా తగిలితే రాయొద్దు, చల్లబడేదాకా ఆగాలి.

గుడ్డ మీద రెండు మూడు చిమ్ములు, ఒక్కో భాగం విడివిడిగా, పలచగా, ముందు నిలువుగా ఆపై అడ్డంగా. వెంటనే రెండో పొడి గుడ్డతో తుడవాలి. ఎక్కువ రాస్తే ఎక్కువ ఆగదు, చారలే మిగులుతాయి. బానెట్ ఆయన రాశాడు, డోర్లు నాతో రాయించాడు. ఎడమ వెనక డోరు మీద మబ్బులా ఒక మసక మిగిలితే, తడి గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి తుడవమన్నాడు. పోయింది. సిరామిక్ అయితే ఆ మసక అలాగే గట్టిపడి ఉండేది. కొత్తగా చెయ్యి పెట్టేవాళ్లకు స్ప్రే సీలెంట్ ఎందుకు సరైనదో అక్కడే అర్థమైంది. ముందు చేతికి లొంగాలి, అప్పుడే మూడు నాలుగు నెలలకోసారి నిజంగా రాస్తాం. రాస్తూ ఉంటేనే రంగు ఏళ్ల తరబడి నిలుస్తుంది.

మళ్లీ ఎప్పుడు రాయాలని అడిగితే మేస్త్రీ క్యాలెండర్ చూడలేదు. "ఉగాదికి ఒకపారి, మిరుగం ముంగట ఒకపారి, దసరాకు, సంక్రాంతికి. పండుగకు ఇల్లు కడుగుతరు కదా సార్, గప్పుడే." వేసవి మొదట్లో, వానలకు ముందు, వానల తర్వాత, చలికాలంలో, లెక్క సరిగ్గా సరిపోయింది. రాసే రోజు పొద్దున ఎండ రాకముందే మొదలుపెట్టమని, ముందు రోజే నల్లా నీళ్లు ఒక డ్రమ్ము పట్టి ఉంచుకోమని చెప్పి, వెనక వచ్చి ఆగిన తెల్ల కారు దగ్గరికి మీటరు పట్టుకుని వెళ్లాడు.